పిస్టల్ తన్ను ఎక్కడికీ పోదు

ఒలింపిక్స్‌లో 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్ పిస్టల్ అని ఒక పోటీ ఉంది. పక్కపక్కనే ఐదు టార్గెట్లు ఉంటాయి. షూటర్ ఒక్క చేత్తోనే పిస్టల్ పట్టుకుని, చెయ్యి కిందికి వాల్చి నిలబడాలి. సిగ్నల్ పడగానే చెయ్యి లేపి ఐదు టార్గెట్లకీ ఒక్కో షాట్ కొట్టాలి. దీనికి మొదట 8 సెకన్లు ఇస్తారు, తర్వాత 6, చివరికి 4. 2012 లండన్‌లో విజయ్ కుమార్ వెండి పతకం గెలిచింది ఈ పోటీలోనే. నాలుగు సెకన్ల రౌండులో చెయ్యి లేపి మొదటి గురి కుదుర్చుకునేసరికే సెకను పైగా గడిచిపోతుంది. ఆ తర్వాత ఒక షాట్‌కీ ఇంకో షాట్‌కీ మధ్య దొరికేది అర సెకను, కాస్త అటూ ఇటూ. కాల్చగానే పిస్టల్ వెనక్కి తన్నుతుంది, దీన్నే రీకాయిల్ అంటారు. ఆ తన్నుకి పైకి లేచిన పిస్టల్ మూతి ఆ అర సెకనులోనే దిగాలి, పక్క టార్గెట్ మీదికి జరగాలి, ట్రిగ్గర్ మళ్లీ నొక్కుడుపడాలి.

ఈ పోటీలో వాడేది .22 తూటా (వ్యాసం 0.22 అంగుళం), చాలా చిన్నది. దానికే ఇంత లెక్క ఉంటే, పోలీసులూ సైనికులూ వాడే 9 ఎంఎం పిస్టల్ సంగతి ఊహించుకోవచ్చు. ఆ తన్నుని తగ్గించడానికి ఇంజనీర్లు నూట ఇరవై ఏళ్లుగా బుర్రలు బద్దలు కొట్టుకుంటున్నారు. బ్యారెల్‌ని తిప్పారు, తలకిందులు చేశారు, గ్యాస్‌తో బ్రేకులు వేశారు, చివరికి బుల్లెట్ బదులు రాకెట్ కూడా పెట్టి చూశారు. వాటి ప్రకటనల్లో మాత్రం ఎప్పుడూ ఒకటే మాట: రీకాయిల్ ఇంత శాతం తగ్గింది! అది ఎక్కడికి తగ్గింది, ఎలా తగ్గింది అని అడిగితేనే అసలు విషయం బయటపడుతుంది.

ముందు లెక్క చూద్దాం. మామూలు 9 ఎంఎం బుల్లెట్ బరువు సుమారు 8 గ్రాములు, వేగం సెకనుకు 360 మీటర్ల దాకా ఉంటుంది. బరువుని కిలోల్లోకి మార్చి ఈ రెండూ గుణిస్తే వచ్చే ద్రవ్యవేగం దాదాపు 2.9 యూనిట్లు. వెనకాల మందు మండి పుట్టిన గ్యాస్ బరువు అర గ్రాము కూడా ఉండదు గానీ అది బుల్లెట్ కంటే వేగంగా బయటికి దూసుకొస్తుంది. దాని వాటా ఇంకో 0.2. మొత్తం 3.1 అనుకుందాం. ముందుకు ఎంత పోయిందో వెనక్కీ అంతే రావాలి, న్యూటన్ మూడో సూత్రంలో మినహాయింపులు లేవు. పిస్టల్ 900 గ్రాములుంటే అది సెకనుకు దాదాపు మూడున్నర మీటర్ల వేగంతో వెనక్కి వస్తుంది. అందులో ఉండే గతిశక్తి 5 జౌళ్ల పైచిలుకు. ముందుకు పోయిన బుల్లెట్‌లో 500 జౌళ్లు పైన ఉంటుంది. శక్తిలో చేతికి వచ్చేది వందో వంతే, కానీ ద్రవ్యవేగం మాత్రం అణా పైసలతో సహా సమానం.

అదే .22 అయితే బుల్లెట్ 2.6 గ్రాములు, వేగం 330 మీటర్ల చుట్టుపక్కల. ద్రవ్యవేగం 0.9 కూడా దాటదు. 9 ఎంఎంతో పోలిస్తే మూడో వంతుకి తక్కువ.

ఈ 3.1ని ఏ స్ప్రింగూ, ఏ పిస్టనూ, ఏ రబ్బరు ముక్కా తగ్గించలేదు. తగ్గించే వీలున్నది గ్యాస్ వాటా ఒక్కటే, ఎందుకంటే గ్యాస్‌ని పక్కకో పైకో మళ్లించవచ్చు. అదీ మొత్తంలో పదో వంతులోపే. మిగతాదంతా చేతికి చేరి తీరుతుంది. ఏ క్షణంలో చేరుతుంది, ఒకేసారి చేరుతుందా విడతలుగానా, నేరుగా వెనక్కా లేక మణికట్టుని పైకి మెలితిప్పుతూనా అన్నది మాత్రం డిజైన్ చేసేవాడి చేతిలో ఉంది. రీకాయిల్ తగ్గించే యంత్రాంగాలన్నీ ఈ మూడింటితోనే ఆడుకుంటాయి.

ఒక్క షాట్‌లో ఏం జరుగుతుంది?

ఇప్పుడు ప్రపంచంలో తయారయ్యే 9 ఎంఎం పిస్టళ్లలో అత్యధిక భాగం జాన్ బ్రౌనింగ్ అనే అమెరికన్ చూపించిన దారిలోనే నడుస్తాయి. ఆయన 1911 మోడల్ పిస్టల్, 1935లో బెల్జియంలో మొదలైన హై పవర్, ఇప్పటి గ్లాక్, అన్నిటికీ మూలసూత్రం ఒకటే. పిస్టల్ పైభాగంలో స్లైడ్ అనే బరువైన ఉక్కు ముక్క పట్టాల మీద వెనక్కీ ముందుకీ జారుతుంది. తూటా పేలేటప్పుడు బ్యారెల్, స్లైడ్ రెండూ కొక్కేలు వేసుకున్నట్టు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి.

బుల్లెట్ బ్యారెల్ దాటడానికి పట్టేది సెకనులో రెండువేలో వంతు, అంతే. ఆలోగా బ్యారెల్, స్లైడ్ కలిసి ఒకటి రెండు మిల్లీమీటర్లు వెనక్కి జరుగుతాయి. బుల్లెట్ బయటపడి లోపల పీడనం పడిపోయాక బ్యారెల్ వెనక భాగం కిందికి వాలుతుంది, కొక్కెం విడిపోతుంది. అక్కణ్ణించి స్లైడ్ ఒంటరిగా వెనక్కి పరిగెడుతుంది. దారిలో ఖాళీ కేస్‌ని (బుల్లెట్ పోయాక మిగిలిన తూటా గొట్టాన్ని) బయటికి విసిరేసి, తూటాని పేల్చే సుత్తిని వెనక్కి వంచి, స్ప్రింగ్‌ని అదిమి, చివర్లో ఫ్రేమ్‌కి, అంటే చేతిలో ఉండే కింది భాగానికి, ఠప్పున కొట్టుకుంటుంది. తర్వాత స్ప్రింగ్ దాన్ని ముందుకు నెడితే మ్యాగజైన్‌లోంచి కొత్త తూటాని తోసుకుంటూ వచ్చి మూసుకుంటుంది.

చాలామంది గమనించని సంగతి ఒకటుంది. బుల్లెట్ బ్యారెల్‌లో ఉన్నంతసేపూ చేతికి తెలిసేది చాలా తక్కువ. ఆ 3.1 ద్రవ్యవేగం అప్పటికి బ్యారెల్, స్లైడ్‌లలో దాచుకుని ఉంది. అవి పట్టాల మీద జారుతున్నాయి కాబట్టి చేతికి అందేది స్ప్రింగ్ ఒత్తిడీ, సుత్తి ఒత్తిడీ, కొంత ఒరిపిడీ మాత్రమే. అసలు దెబ్బ సెకనులో వందో వంతు గడిచాక, స్లైడ్ ఫ్రేమ్‌ని కొట్టినప్పుడు వస్తుంది. అప్పటికి బుల్లెట్ మూడు మీటర్లకు పైగా వెళ్లిపోయి ఉంటుంది. ఆ తర్వాత స్లైడ్ ముందుకొచ్చి మూసుకున్నప్పుడు ఇంకో చిన్న కుదుపు వస్తుంది, అది మూతిని కిందికి దించుతుంది. వేగంగా కాల్చేవాళ్లకి ఈ రెండో కుదుపు కూడా బాగా తెలుసు. ముందు సైట్ (మూతి దగ్గరుండే గురి గుర్తు) గురి కంటే కిందికి దిగి మళ్లీ పైకి రావడం వాళ్లకి కళ్ల ముందే కనిపిస్తుంది.

గునపం బండరాయికి తగిలితే చెయ్యి జివ్వుమంటుంది, అదే గునపం అదే వేగంతో మెత్తటి మట్టిలో దిగితే ఏమీ అనిపించదు. రెండు చోట్లా ఆగిపోయింది అదే గునపం, అదే ద్రవ్యవేగం. ఆగడానికి పట్టిన సమయం మాత్రమే వేరు. స్లైడ్ ఫ్రేమ్‌కి కొట్టుకోవడం రాయికి తగలడం లాంటిది. దాన్ని ఎంత మెత్తగా ఆపితే అంత మేలు.

ఇక రెండో సమస్య ఎత్తు. బ్యారెల్ చేతికి పైన ఉంటుంది. బలం పైనుంచి వెనక్కి వస్తుంటే ఆపే చెయ్యి కింద ఉంది, అందుకే పిస్టల్ నేరుగా వెనక్కి రాకుండా మణికట్టు దగ్గర తిరుగుతుంది, మూతి లేస్తుంది. చేతికీ బ్యారెల్‌కీ మధ్య ఎత్తు ఎంత పెరిగితే ఈ తిప్పుడు అంత పెరుగుతుంది. బ్రౌనింగ్ పద్ధతిలో బ్యారెల్ కిందికి వాలడానికి చోటు కావాలి, దాని కింద స్ప్రింగ్‌కి చోటు కావాలి, వెనక సుత్తికీ, స్లైడ్ వచ్చేటప్పుడు బొటనవేలి సందు కోసుకుపోకుండానూ చోటు కావాలి. ఇవన్నీ కలిసి బ్యారెల్‌ని పైకి నెట్టేస్తాయి. ఈ చోటుని వెనక్కి లాక్కోవడానికే మామూలు దారి వదిలిన డిజైన్లలో చాలా పుట్టాయి.

తలకిందుల పిస్టల్

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కి సోవియట్ షూటర్లు ఒక వింత పిస్టల్ పట్టుకొచ్చారు. ఎంట్సీ-3, ముద్దుపేరు రికార్డ్. మామూలు టార్గెట్ పిస్టల్‌ని తలకిందులు చేసి పిడి తగిలించినట్టుండేది. బ్యారెల్ అడుగున, దాదాపు షూటర్ గుప్పిట ఎత్తులో ఉంటుంది. తన్ను నేరుగా ముంజేతి గీతలోకి వస్తుంది కాబట్టి మెలితిప్పే పనే లేదు, మూతి లేవడం దాదాపు మాయమవుతుంది. ర్యాపిడ్ ఫైర్ పోటీకి ఇంతకంటే ఏం కావాలి?

అది మరీ బాగా పనిచేసింది కాబట్టే నిషేధించారు. బ్యారెల్ గీత బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందు పైనుంచే వెళ్లాలని అంతర్జాతీయ షూటింగ్ సంస్థ నిబంధన పెట్టింది. బ్యారెల్ ఎత్తుకి ఉన్న విలువ ఎంతో చెప్పడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం నాకు కనిపించదు. ద్రవ్యవేగం ఒక్క రవ్వ తగ్గలేదు, దిశ మాత్రమే మారింది, దానికే పోటీ రూపురేఖలు మారిపోతాయని పెద్దలు భయపడ్డారు. ఆ తర్వాత కూడా ర్యాపిడ్ ఫైర్‌లో .22 షార్ట్ అనే ఇంకా బలహీనమైన తూటాకి ప్రత్యేకంగా చేసిన పిస్టళ్లు చాలాకాలం నడిచాయి. 2004 ఏథెన్స్ తర్వాత వాటికీ సెలవిచ్చి, మహిళల 25 మీటర్ల పిస్టల్‌లో వాడే .22 లాంగ్ రైఫిల్ తూటానే అందరికీ పెట్టారు. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో వెండి గెలిచింది ఆ మహిళల విభాగంలోనే. అక్కడ ర్యాపిడ్ దశలో ఒక్కో షాట్‌కి 3 సెకన్లు దొరుకుతాయి.

ఇటలీలో ఎమిలియో గిసోని అనే డిజైనర్ ఇదే ఆలోచనని రివాల్వర్లకు పట్టించాడు. ఆయన మటేబా రివాల్వర్లలోనూ, ఆయన పోయాక మార్కెట్‌లోకొచ్చిన కియాప్పా రైనోలోనూ సిలిండర్ పైగది నుంచి కాకుండా కిందిగది నుంచి తూటా పేలుతుంది. ఫొటోలో చూస్తే బ్యారెల్ ఎక్కడో కింద ఉన్నట్టు విచిత్రంగా కనిపిస్తుంది.

సెమీ ఆటోమేటిక్‌లో, అంటే ప్రతి షాట్ తర్వాత తనంతట తానే కొత్త తూటా ఎక్కించుకునే పిస్టళ్లలో, ఇటీవల దీనికి గట్టిగా ప్రయత్నించింది అమెరికాలోని హడ్సన్ హెచ్9. 2017లో జనం ముందుకొచ్చింది. దాంట్లో బ్యారెల్ వాలే బ్రౌనింగ్ పద్ధతి అలాగే ఉంచారు, కానీ బ్యారెల్ కింద ఉండాల్సిన స్ప్రింగ్‌ని ఇంకా కిందికి, ట్రిగ్గర్ గార్డ్ ముందున్న బొజ్జలోకి దింపేశారు. ఖాళీ అయిన చోటులోకి బ్యారెల్ దిగింది. పిస్టల్ ముందుభాగం బరువుగా, లావుగా కనిపించేది అందుకే. కొత్త సూత్రం ఏమీ లేదు, ఉన్న సామాన్లనే వేరే వరసలో సర్దారు. నాకు ఈ డిజైన్ మీద గౌరవం ఉంది, ఎందుకంటే సమస్య ఎక్కడుందో సరిగ్గా గుర్తుపట్టింది. కంపెనీ మాత్రం రెండేళ్లలో దివాలా తీసింది. ఆ డిజైన్‌ని డేనియల్ డిఫెన్స్ కొనుక్కుని, మార్పులు చేసి 2024లో మళ్లీ తెచ్చింది.

గ్యాస్‌తో బ్రేకు

నాకు అన్నిటికంటే తెలివైనదిగా అనిపించేది జర్మన్ కంపెనీ హెక్లర్ అండ్ కోఖ్ 1970ల చివర్లో పశ్చిమ జర్మనీ పోలీసుల కోసం తెచ్చిన పీ7. దీన్ని కాస్త దగ్గరగా చూడాలి.

పీ7లో బ్యారెల్ కదలదు. ఫ్రేమ్‌కి బిగించేశారు. స్లైడ్‌ని పట్టుకునే కొక్కేలూ లేవు. మరి పేలగానే స్లైడ్ వెంటనే తెరుచుకుని, మండుతున్న గ్యాస్ షూటర్ మొహం మీదికి రాకుండా ఆపేదెవరు? బ్యారెల్‌లో, తూటా కూర్చునే గదికి కొంచెం ముందు, సన్నటి రంధ్రం ఉంది. అది బ్యారెల్ కిందున్న చిన్న సిలిండర్‌లోకి తెరుచుకుంటుంది. స్లైడ్ ముందుకొస నుంచి ఒక పిస్టన్ వచ్చి ఆ సిలిండర్‌లో దూరి ఉంటుంది. తూటా పేలగానే గ్యాస్ ఒక పక్క కేస్‌ని వెనక్కి తోస్తూ స్లైడ్‌ని తెరవాలని చూస్తుంది. అదే గ్యాస్ రంధ్రంలోంచి సిలిండర్‌లోకి దిగి పిస్టన్‌ని ముందుకు తోస్తూ స్లైడ్‌ని తెరుచుకోకుండా పట్టి ఉంచుతుంది. బుల్లెట్ బయటపడి పీడనం పడిపోగానే ఈ పట్టు దానంతటదే సడలుతుంది. తూటా బలంగా ఉంటే బ్రేకూ బలంగా పడుతుంది, బలహీనమైతే బ్రేకూ మెత్తగా పడుతుంది. ఒక సన్నటి రంధ్రంతో ఇంత పని జరుగుతుంది.

ఇది తన్నుకి ఏం చేస్తుంది? గ్యాస్ పిస్టన్‌ని ముందుకు తోస్తే, అంతే బలంతో సిలిండర్ గోడని వెనక్కి తోస్తుంది. సిలిండర్ ఫ్రేమ్‌లో భాగం, ఫ్రేమ్ మన చేతిలో ఉంది. అంటే తన్నులో కొంత భాగం తొలి క్షణంలోనే చేతికి అందిపోతుంది, స్లైడ్‌లో దాచుకునేది తగ్గుతుంది, చివర్లో ఫ్రేమ్‌ని గుద్దే దెబ్బ చిన్నదవుతుంది. ఒక పెద్ద దెబ్బ రెండు చిన్నవిగా విడిపోయిందన్నమాట. దానికితోడు బ్యారెల్ వాలక్కర్లేదు, స్ప్రింగ్ బ్యారెల్ చుట్టూనే చుట్టుకుని ఉంది, అందువల్ల బ్యారెల్ చేతికి బాగా దగ్గరగా దిగింది. పీ7 పట్టుకుని కాల్చినవాళ్లు అది నేరుగా వెనక్కి వస్తుందని, పెద్దగా ఎగరదని చెప్పడం వెనక ఈ రెండు కారణాలూ ఉన్నాయి. బ్యారెల్ కదలకపోవడం వల్ల గురి నిలకడ కూడా కలిసొచ్చింది.

దీనికి మూల్యం వేడి. ప్రతి షాట్‌కీ మండే గ్యాస్ ట్రిగ్గర్‌కి సరిగ్గా పైన ఉన్న సిలిండర్‌లోకి వస్తుంది. వరసగా కొన్ని మ్యాగజైన్లు కాలిస్తే అక్కడ వేలు పెట్టడమే కష్టం. తర్వాతి మోడళ్లలో ట్రిగ్గర్ పైన వేడి తగలకుండా ప్లాస్టిక్ తొడుగు పెట్టాల్సి వచ్చింది. మసి పేరుకుంటుంది, శుభ్రం చేయాలి. తయారీ ఖర్చు ఎక్కువ. ఇదే కుటుంబంలో బలహీనమైన తూటాల కోసం వచ్చిన పీ7కే3లో గ్యాస్ బదులు నూనె నింపిన బఫర్ పెట్టారు. మోటార్‌సైకిల్ షాక్ అబ్జార్బర్ సూత్రమే పిస్టల్‌లోకి ఎక్కింది.

ఈ ఆలోచన హెక్లర్ వాళ్లు కనిపెట్టింది కాదు. రెండో ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో కార్ల్ బార్నిట్స్కే అనే జర్మన్ ఒక చవక రైఫిల్‌లో గ్యాస్‌తో బోల్ట్‌ని (స్లైడ్ లాంటి భాగాన్ని) ఆపే పద్ధతి వాడాడు. 1980ల్లో ఆస్ట్రియా స్టైర్ జీబీ కూడా అదే బాటలో నడిచింది. అందులో విడిగా పిస్టన్ లేకుండా బ్యారెల్‌నే పిస్టన్‌గా, స్లైడ్ లోపలి గొట్టాన్నే సిలిండర్‌గా వాడుకున్నారు.

2019లో చెక్ దేశపు లావ్‌గో ఆర్మ్స్ ఏలియన్ ఈ పద్ధతికి మళ్లీ ప్రాణం పోసింది. దీని రూపశిల్పి యాన్ లుచాన్‌స్కీ. ఇప్పటి స్కార్పియన్ ఈవో సబ్‌మెషీన్ గన్‌కి మూలమైన డిజైన్ ఆయనదే. ఏలియన్‌లో గ్యాస్ బ్రేకు ఉంది, బ్యారెల్ ఫ్రేమ్‌కి బిగించి ఉంది. వెనక సుత్తి అడ్డుపడి బ్యారెల్‌ని కిందికి దింపనివ్వడం లేదు కదా, సుత్తినే తలకిందులుగా పైనుంచి వేలాడదీశారు. దాంతో బ్యారెల్ గుప్పిట మీద కూర్చున్నంత కిందికొచ్చింది. ఇంకో పెద్ద మార్పు, పిస్టల్ పైపట్టీ కదలదు. సైట్లు ఆ పట్టీ మీద ఉంటాయి, స్లైడ్ దాని పక్కల నుంచి వెళ్లొస్తుంది.

తిరిగే బ్యారెల్, మెత్తటి ఆపు

బ్యారెల్‌ని వాల్చే బదులు దాని ఇరుసు మీదే తిప్పితే? 1912 నాటి స్టైర్ పిస్టల్ అలాగే పనిచేసింది. 2004లో వచ్చిన ఇటలీ బెరెట్టా పీఎక్స్4, స్లొవేకియా గ్రాండ్ పవర్ కే100 ఈ వరసలో ఇటీవలివి. బ్యారెల్ వెనక్కి జరుగుతూ గాడిలో పడి కొద్దిగా తిరుగుతుంది, తిరిగినప్పుడు స్లైడ్ విడిపోతుంది. ఈ తిరుగుడులో తన్ను ఖర్చయిపోతుందని ప్రకటనల్లో రాస్తుంటారు. అది నేను ఒప్పుకోను. బ్యారెల్ తిరగడానికి పట్టే శక్తి కొంచెమే, ద్రవ్యవేగం లెక్కలో అది ఏమీ చెరపదు. నిజమైన లాభం వేరే ఉంది. బ్యారెల్ గీత మారకుండా నేరుగా వెనక్కి ముందుకీ కదులుతుంది, స్లైడ్ విడిపోవడం ఒక్క కుదుపుగా కాకుండా సాఫీగా జరుగుతుంది. అయితే తిప్పే గాడి ఉన్న దిమ్మ బ్యారెల్ కింద కూర్చుంటుంది కాబట్టి ఎత్తులో పెద్దగా కలిసొచ్చేది లేదు.

మెత్తటి ఆపు విషయంలో 1993 నాటి హెక్లర్ యూఎస్‌పీ మంచి ఉదాహరణ. స్లైడ్‌ని నడిపే మామూలు స్ప్రింగ్‌తోపాటు ఇంకో గట్టి స్ప్రింగ్ పెట్టారు. స్లైడ్ ప్రయాణం చివరి భాగంలో మాత్రమే అది ఒత్తిడి తీసుకుంటుంది. బండరాయి స్థానంలో మట్టి పెట్టినట్టే. దీనివల్ల చేతికి ఎంత హాయో, ఫ్రేమ్ ఆయుష్షుకీ అంత మేలు. చెప్పుకోవడానికి ఆడంబరం లేని పరిష్కారం ఇది, కానీ పెట్టిన ఖర్చుకి దక్కే ఫలితం చూస్తే చాలా వింత డిజైన్ల కంటే మిన్న.

కాంపెన్సేటర్ల గురించి చాలా అపోహలున్నాయి. బ్యారెల్ మూతి దగ్గర పైకి రంధ్రాలు పెట్టి గ్యాస్‌ని పైకి చిమ్మించడం ఆ పద్ధతి. గ్యాస్ వాటా 3.1లో 0.2 మాత్రమే అని చూశాం. దాన్ని మొత్తం మళ్లించినా వెనక్కి వచ్చే తన్ను పెద్దగా తగ్గదు. మరి పోటీల్లో ఎందుకంత గిరాకీ? గ్యాస్ పైకి చిమ్మితే మూతి కిందికి నొక్కుకుపోతుంది. ఆ నొక్కు చేతికి బాగా దూరంగా, మూతి చివర పడుతుంది కాబట్టి చిన్న బలమైనా లేచే మూతిని పట్టి ఆపుతుంది. వెనక్కి తోసే తన్ను మీద దాని ప్రభావం స్వల్పం, పైకి తిప్పే తన్ను మీద గణనీయం. 1976లో పుట్టిన ఐపీఎస్‌సీ (ఇంటర్నేషనల్ ప్రాక్టికల్ షూటింగ్ కాన్ఫెడరేషన్) పోటీల్లో ఓపెన్ విభాగం షూటర్లు తేలికైన బుల్లెట్, ఎక్కువ మందు ఉన్న తూటాలు ఎంచుకునేది ఇందుకే. గ్యాస్ ఎక్కువైతే కాంపెన్సేటర్‌కి పని దొరుకుతుంది. మెరుపు, చెవులు గింగిర్లెత్తే చప్పుడు దానికి వెల. ఒలింపిక్స్ 25 మీటర్ల పిస్టళ్లకు ఇవి నిషిద్ధం.

ఎదురు దిశలో రెండు ప్రయోగాలు

సూత్రం సరిగ్గా అర్థమైందో లేదో చూసుకోవడానికి 1908 నాటి జర్మన్ ష్వార్‌ట్స్‌లోజ పిస్టల్ మంచి పరీక్ష. ఇందులో స్లైడ్ వెనక్కి రాదు, బ్యారెల్ ముందుకు పోతుంది! బుల్లెట్ ఒరిపిడి, గ్యాస్ ఒత్తిడి బ్యారెల్‌ని ముందుకు లాక్కెళ్తాయి, స్ప్రింగ్ దాన్ని వెనక్కి తెచ్చి కొత్త తూటా మీద మూస్తుంది. బరువైన ముక్క ముందుకు పోతోంది కాబట్టి తన్ను తగ్గుతుందని చాలామందికి అనిపిస్తుంది. జరిగేది దానికి సరిగ్గా విరుద్ధం. ముందుకు పోయేది బుల్లెట్ ఒక్కటే కాదు, బుల్లెట్‌తోపాటు బ్యారెల్ కూడా. ఆ రెండింటికీ బదులుగా వెనక్కి రావలసిన ద్రవ్యవేగం పెరుగుతుంది, దాన్ని దాచుకోవడానికి జారే స్లైడ్ లేదు. అంతా ఆ క్షణంలోనే ఫ్రేమ్ ద్వారా నేరుగా అరచేతికి తగులుతుంది. తర్వాత బ్యారెల్ ముందు ఆపుకి తగిలి పిస్టల్‌ని ముందుకు గుంజుతుంది, లెక్క సరిపోతుంది గానీ చెయ్యి అప్పటికే దెబ్బ తినేసింది. .32 లాంటి చిన్న తూటా వాడినా ఆ పిస్టల్ కరుకుగా తన్నుతుందని పేరు తెచ్చుకుంది. బ్రౌనింగ్ స్లైడ్ మనకి ఎంత మేలు చేస్తోందో దీన్ని చూస్తే తెలుస్తుంది.

రెండోది 1960ల అమెరికా గైరోజెట్. 13 ఎంఎం చిన్న రాకెట్‌ని పేల్చే సెమీ ఆటోమేటిక్ పిస్టల్ అది. సుత్తి ముందు వైపు నుంచి వచ్చి రాకెట్ ముక్కు మీద కొట్టి, దాన్ని వెనకున్న కదలని పిన్ను మీదికి నెడుతుంది. రాకెట్ అంటుకుని ముందుకు పోతూ పోతూ సుత్తిని మళ్లీ వంచి పెడుతుంది. రాకెట్ తోసేది తన వెనక వదిలే గ్యాస్‌ని, పిస్టల్‌ని కాదు. ఆ గ్యాస్ పిస్టల్ పక్కలున్న రంధ్రాల్లోంచి బయటికి పోతుంది. అందుకే తన్ను దాదాపు సున్నా. ఇన్ని ప్రయత్నాల్లో ద్రవ్యవేగాన్ని చేతికి నిజంగా రానివ్వనిది ఇదొక్కటే. కానీ రాకెట్ వేగం పుంజుకోవడానికి దూరం కావాలి, మూతి దగ్గర అది చాలా నెమ్మదిగా ఉంటుంది. పిస్టల్ అవసరమయ్యే దగ్గరి దూరంలోనే బలం లేని ఆయుధం ఎవరికి కావాలి? కొన్నేళ్లలో కనుమరుగైంది.

ఇన్ని తెలివితేటల ముందు చిన్నబోయేలా కనిపించే ఉపాయం ఒకటుంది, బరువు. ముందు లెక్కలోని 900 గ్రాముల పిస్టల్‌ని 1.3 కిలోలు చేస్తే వెనక్కి వచ్చే వేగం మూడున్నర మీటర్ల నుంచి 2.4కి పడుతుంది, శక్తి 5.3 జౌళ్ల నుంచి 3.7కి దిగుతుంది. ముప్పై శాతం తగ్గుదల, కదిలే భాగం ఒక్కటీ కలపకుండా! పోటీ షూటర్లు ఉక్కు ఫ్రేములు, ఇత్తడి పిడులు ఇష్టపడేది అందుకే. రోజంతా నడుముకి తగిలించుకుని తిరిగే పోలీసుకి మాత్రం ఆ నాలుగు వందల గ్రాములు భారమే. ప్లాస్టిక్ ఫ్రేమ్ పిస్టళ్లు రాజ్యమేలుతున్న ఈ కాలంలో వింత యంత్రాంగాలకు గిరాకీ పుట్టడానికి అదే కారణం.

యంత్రం ఎంత గొప్పదైనా సగం పని చెయ్యే చేయాలి. స్లైడ్ వెనక్కి రావాలంటే ఫ్రేమ్ ఒకచోట నిలబడాలి. పట్టు వదులుగా ఉంటే ఫ్రేమ్ కూడా స్లైడ్‌తోపాటు వెనక్కి పోతుంది, వాటి మధ్య కదలిక చాలక ఖాళీ కేస్ బయటికి పోయే సందులోనే ఇరుక్కుంటుంది. తేలికైన పిస్టళ్లలో ఈ బెడద ఎక్కువ. తన్నుని విడతలుగా చేసే డిజైన్లలో కొన్ని ఒక రకం తూటా బలానికి సరిపోయేలా కూర్చబడి ఉంటాయి. బలహీనమైన తూటా పెడితే వాటికీ ఊపిరి అందదు.

బ్రౌనింగ్ వాలే బ్యారెల్ పద్ధతి నూరేళ్లు దాటినా నిలిచి ఉన్నది అందుకే. భాగాలు తక్కువ, చవకగా తయారవుతాయి, మట్టీ మసీ భరిస్తుంది, ఏ తూటా పెట్టినా సర్దుకుపోతుంది. తన్ను విషయంలో దానికంటే పీ7 మెరుగన్నది నిజమే, కానీ లక్షల పిస్టళ్లు కొనే పోలీసు శాఖకి ఆ తేడా కోసం రెట్టింపు డబ్బు, వేడెక్కే సిలిండర్ భరించడం లాభసాటి కాదు.

అయితే గత కొన్నేళ్లలో లెక్క కాస్త మారింది. పిస్టల్ మీద ఎర్ర చుక్క చూపించే ఎలక్ట్రానిక్ సైట్ పెట్టుకోవడం మామూలైపోయింది. అది స్లైడ్ మీద ఉంటే ప్రతి షాట్‌కీ నాలుగైదు సెంటీమీటర్లు వెనక్కెళ్లి ముందుకు రావాలి, చుక్క కంటికి మాయమై మళ్లీ దొరకాలి. స్లైడ్ బరువూ పెరుగుతుంది. ఏలియన్ లాంటి కదలని పైపట్టీ పిస్టల్‌లో సైట్ ఫ్రేమ్‌తోపాటే కొద్దిగా లేచి దిగుతుంది, చుక్క కన్ను దాటిపోదు. నా ఉద్దేశంలో ఈ కొత్త తరం డిజైన్లు అమ్ముకోవలసిన గుణం ఇదే. చేతికి తగిలే దెబ్బలో దక్కే తేడా కంటే, ఆ అర సెకనులో షూటర్ కంటికి దక్కే తేడా ఎక్కువ.